చమురు ఒలికాక అధికారులు చెప్పే లెక్కను మనమే సరిచూసుకోవడం ఎలా

సముద్రంలో చమురు ఒలికిన రోజు వచ్చే మొదటి ప్రకటన చాలాచోట్ల ఒకే తీరుగా ఉంటుంది. ఒలికింది కొంచెమే, పరిస్థితి అదుపులో ఉంది, ఎవరూ టెన్షన్ పడొద్దు. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర డాన్ కాంచీపురం అనే ట్యాంకరు, బీడబ్ల్యూ మేపుల్ అనే గ్యాస్ ఓడ గుద్దుకున్నాయి. చమురు కాలుష్యం లాంటి నష్టమేమీ జరగలేదని ఎన్నూరులోని కామరాజర్ పోర్టు ప్రకటించింది. కొద్ది రోజులకే మత్స్యకారులు, విద్యార్థులు, పారిశుద్ధ్య కార్మికులు ఒడ్డున రాళ్ల మధ్య దిగి బకెట్లతో నల్లటి మడ్డి తోడాల్సి వచ్చింది. అలా ఎత్తిన మడ్డి వంద టన్నులు దాటింది.

ఒకసారి ఇలాంటిది చూసిన ఊరు ఆ తర్వాత ఏ ప్రకటననూ నమ్మదు. అందువల్ల నష్టం మళ్లీ ఆ ఊరికే. చేపలు బాగున్నాయని నిజంగా పరీక్ష చేసి చెప్పినా కొనేవాళ్లు రారు. ఫలానా చోట నీళ్లలో దిగొద్దని నిజంగా హెచ్చరించినా ఎవరూ పట్టించుకోరు. కాబట్టి అనుమానం దగ్గరే ఆగిపోకూడదు. దాన్ని ప్రశ్నగా, లెక్కగా, కాగితంగా మార్చుకోవాలి. ఉదాహరణలు ఎక్కువగా 2010లో అమెరికాలో జరిగిన డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం నుంచి చెబుతాను. అక్కడ ఎవరు ఏ రోజు ఏం చెప్పారో, చివరికి ఏం తేలిందో రెండూ రికార్డుల్లో ఉన్నాయి.

మొదటి రోజే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి

ప్రతి ప్రకటనకూ ఒక వరుస రాయండి. తేదీ, సమయం, ఎవరు చెప్పారు, ఎంత అన్నారు, లీటర్లా బ్యారెళ్లా టన్నులా, ఎలా కొలిచామన్నారు. చివరి గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. అది ఖాళీగా ఉందన్న సంగతే మీకు ముఖ్యం. ప్రెస్ నోట్‌ను, ట్వీట్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రెండోసారి చూసేసరికి మారిపోయి ఉండొచ్చు.

ఈ నోట్‌బుక్ ఎందుకో 2010 వరుస చూస్తే తెలుస్తుంది. ఏప్రిల్ 20న మెక్సికో గల్ఫ్‌లో బీపీ కంపెనీకి చెందిన మకాండో బావి మీద డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు రిగ్ పేలింది. 11 మంది చనిపోయారు. 22న రిగ్ మునిగింది. 23న బావి నుంచి లీకేమీ కనిపించడం లేదని కోస్ట్‌గార్డ్ చెప్పింది. మర్నాడు రోజుకు 1,000 బ్యారెళ్లన్నారు. 28న 5,000 అన్నారు. మే 27న 12,000 నుంచి 19,000 అయింది. జూన్ 15న 35,000 నుంచి 60,000. ఆగస్టులో, బావి మూశాక, మొదట్లో రోజుకు 62,000 బ్యారెళ్ల దాకా వచ్చిందని తేల్చారు.

దీన్ని చూసి మొదటి నుంచీ అందరూ అబద్ధమే చెప్పారని అనుకోకండి. కిలోమీటరున్నర లోతులో పగిలిన పైపు అది, మొదటి రెండు రోజులు ఎవరికైనా కష్టమే. కొత్త సమాచారం వచ్చి అంకె మారితే అది మంచి లక్షణం. అనుమానించాల్సింది కదలని అంకెను. బయటి శాస్త్రవేత్తలు అంతకు ఎన్నో రెట్లు ఉందని లెక్కలు చూపిస్తున్నా 5,000 అనే మాట నెల రోజులు అలాగే నిలబడింది. అసలు ఆ 5,000 కూడా నీటి మీద తెట్టును పైనుంచి చూసి వేసిన పైపై అంచనాయే. మీ నోట్‌బుక్‌లో ఏ అంకె ఎన్ని రోజులుగా అలాగే ఉందో, ఆ రోజుల్లో బయట ఏమేం కనబడ్డాయో పక్కపక్కన రాయండి.

కొలిచింది ఎవరు, జరిమానా కట్టేది ఎవరు

విలేకరుల సమావేశంలోనో, మీ ఊరికి తహసీల్దారు వచ్చినప్పుడో మర్యాదగా ఒకటే ప్రశ్న అడగండి: “సర్, ఈ లెక్క మీరు కొలిచిందా, కంపెనీ ఇచ్చిందా?” చాలాసార్లు అధికారి చదివేది కంపెనీ పంపిన కాగితమే. ఆయన మోసం చేస్తున్నాడని కాదు. ఆ రోజుకు ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే.

అమెరికా చట్టంలో ఒలికిన చమురుకు బ్యారెల్ లెక్కన జరిమానా వేయొచ్చు. అప్పట్లో మామూలు కేసైతే 1,100 డాలర్ల దాకా, ఘోర నిర్లక్ష్యమని తేలితే 4,300 డాలర్ల దాకా. బ్యారెళ్లు తగ్గితే జరిమానా తగ్గుతుంది. కోర్టులో బీపీ సముద్రంలో కలిసింది 24.5 లక్షల బ్యారెళ్లేనని వాదించింది. ప్రభుత్వం 42 లక్షలంది. 2015 జనవరిలో జడ్జి 31.9 లక్షలుగా తేల్చారు. అంతకుముందే, 2012 నవంబరులో, బీపీ నేరం ఒప్పుకోవడానికి అంగీకరించింది. ఆ నేరాల్లో ఒకటి చమురు ఎంత వస్తోందనే విషయంలో అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన సమాచారానికి సంబంధించింది.

ఇంతకంటే నన్ను కదిలించేది టేలర్ ఎనర్జీ కథ. 2004లో ఐవన్ తుపానుకు ఆ కంపెనీ ప్లాట్‌ఫాం లూసియానా తీరం దగ్గర కూలింది. అడుగున బావులు మట్టిలో కూరుకుపోయి కారుతూనే ఉన్నాయి. ఏళ్ల తరబడి కంపెనీ చెప్పిన లెక్క రోజుకు కొన్ని గ్యాలన్లు (గ్యాలన్ సుమారు 3.8 లీటర్లు), అంటే రెండు మూడు బిందెలంత కూడా కాదు. 2010లో గల్ఫ్ ఉపగ్రహ చిత్రాలు గమనిస్తున్న స్కైట్రూత్ అనే చిన్న సంస్థకు బీపీ ప్రమాదంతో సంబంధం లేని చోట మరో తెట్టు కనిపించింది. వాళ్లు దాన్ని వదల్లేదు. 2019లో ప్రభుత్వ శాస్త్రవేత్తల అధ్యయనం రోజుకు 380 నుంచి 4,500 గ్యాలన్లు వస్తోందని తేల్చింది. పదిహేనేళ్లు ఒక కంపెనీ తన లీకు గురించి తానే నివేదికలు రాసుకుంటూ పోతే అక్కడికి చేరింది.

తెట్టు రంగు చూసి మీరే లెక్క వేయండి

ఇది కష్టమేమీ కాదు, పదో తరగతి గుణకారం చాలు. నీటి మీద చమురు పొర ఎంత పలచగా ఉందో దాని రంగు చెబుతుంది. చారు మీద నూనె పలచగా పరుచుకుంటే ఒకలా, గుంపుగా తేలితే ఒకలా కనిపించినట్టే. యూరప్ దేశాలు బాన్ ఒప్పందం కింద దీనికి ఒక కొలమానం పెట్టుకున్నాయి. బూడిద రంగులో వెండిలా మెరిస్తే చదరపు కిలోమీటరుకు 40 నుంచి 300 లీటర్లు. ఇంద్రధనుస్సు రంగులుంటే 300 నుంచి 5,000. లోహంలా ఒకే మెరుపు ఉంటే 5,000 నుంచి 50,000. చమురు అసలు రంగు, నలుపో గోధుమో, ఎడం లేకుండా కనిపిస్తే 2 లక్షల లీటర్ల పైమాటే.

ఉదాహరణకు బోటు సరంగు నాలుగు చదరపు కిలోమీటర్ల మేర ఇంద్రధనుస్సు రంగుల్లో తెట్టు చూశాడనుకోండి. అంటే 1,200 నుంచి 20,000 లీటర్లు, సుమారు ఒకటి నుంచి 18 టన్నులు. ప్రకటనలో 200 లీటర్లని ఉంటే అది కుదరదు. పది టన్నులని ఉంటే మీ లెక్కతో దాన్ని కాదనలేరు. ఇది గట్టిగా గుర్తుంచుకోండి. ఈ పద్ధతితో మరీ తప్పు అంకెను పట్టుకోగలం గానీ అసలు అంకెను తేల్చలేం. పైగా ఇందులోకి వచ్చేది ఆ పూట పైకి కనబడుతున్న చమురే. ఆవిరైంది, నీళ్లలో కలిసింది, ఒడ్డుకు చేరింది రాదు. తెట్టు ముక్కలు ముక్కలుగా ఉంటే మధ్యలో ఖాళీ నీటిని తీసేయాలి.

యూనిట్లు మారుస్తూ చెబితే కంగారు పడొద్దు. బ్యారెల్ అంటే 159 లీటర్లు. టన్నుకు ఏడు బ్యారెళ్ల పైచిలుకు. అన్నిటినీ ఒకే యూనిట్‌లోకి మార్చి రాసుకోండి. ఇంకొక మాట, ఒలికిన చమురు టన్నులు వేరు, ఎత్తిన మడ్డి టన్నులు వేరు. అలలకు చమురు నీళ్లను పీల్చుకుని ఉబ్బుతుంది, ఒడ్డున ఇసుక కలుస్తుంది. అందుకే ఒలికింది ఇంతే అన్నారు, ఎత్తింది అంతకు మించి ఉంది, కాబట్టి అబద్ధం అని వెంటనే అనేయకండి. “మడ్డిలో నీరెంత, ఇసుకెంత, చమురెంత? పరీక్ష రిపోర్టు చూపించండి” అని అడగండి.

వీడియో దొరికితే ఇంకా మేలు. 2010 మేలో పగిలిన పైపు వీడియో 30 సెకన్లది బయటికొచ్చింది. పర్డ్యూ యూనివర్సిటీ మెకానికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ స్టీవ్ వెర్లీ అందులో చమురు సుడులు ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఎంత దూరం కదిలాయో కొలిచి, పైపు వెడల్పుతో కలిపి, రోజుకు 70,000 బ్యారెళ్లని, 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చని చెప్పారు. తర్వాత ప్రభుత్వం తేల్చిన 62,000 ఆ పరిధిలోకే వస్తుంది. కాబట్టి మీ దగ్గరున్న వీడియో చిన్నదని పారేయకండి. దగ్గర్లోని ఇంజనీరింగ్ కాలేజీలో చూపించండి.

చార్టు ఇస్తే గడులు విడదీసి కూడండి

2010 ఆగస్టు 4న అమెరికా ప్రభుత్వం చమురు ఏమైందో చెప్పే వృత్తం బొమ్మ విడుదల చేసింది. అందులో నాలుగో వంతు, 26 శాతం, మాత్రమే మిగిలిందని ఉంది. చాలావరకు చమురు పోయిందని వైట్‌హౌస్ సలహాదారు టీవీలో చెప్పారు. గల్ఫ్ తీరం జనం నమ్మలేదు. వాళ్లు నమ్మకపోవడానికి కారణం ఆ బొమ్మలోనే ఉంది.

కూడి చూడండి. బావి దగ్గరే నేరుగా పట్టుకున్నది 17 శాతం. తగలబెట్టింది 5. నీటి మీద నుంచి తోడింది 3. సముద్రంలో లేకుండా మనుషులు చేసింది ఈ 25 శాతమే. మిగతాదంతా వేరే లెక్క. ఆవిరైంది లేదా నీటిలో కరిగింది 25 శాతం. ఈ రెంటినీ ఒకే గడిలో వేశారు, కానీ గాలిలోకి పోవడం, నీటిలో కరగడం ఒకటి కాదు. తనంతట తాను చిన్న బిందువులుగా చెదిరింది 16, రసాయనం చల్లి చెదరగొట్టింది 8. చెదిరిన చమురు కంటికి కనబడదు, నీళ్లలోనే ఉంటుంది. అదే నెలలో జార్జియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు సముద్రంలోకి చేరిన చమురులో 70 నుంచి 79 శాతం ఇంకా నీటిలోనే ఉందని అంచనా వేశారు. అప్పటి అధ్యక్షుడు ఒబామా వేసిన జాతీయ కమిషన్ సిబ్బంది అక్టోబరులో పెట్టిన పత్రం ఇంకా గట్టిగా చెప్పింది. ప్రభుత్వానికి సామర్థ్యం చాలలేదో, లేక నిజాన్ని పూర్తిగా బయటపెట్టలేదో అన్న అభిప్రాయం ప్రభుత్వ తీరే జనంలో కలిగించిందని.

మీ దగ్గరికి ఇలాంటి చార్టు వస్తే మూడు కుప్పలు పోయండి. చేత్తో తీసింది, గాలిలోకి పోయింది, ఇంకా నీటిలోనో ఇసుకలోనో ఉన్నది. రెండింటిని కలిపేసిన గడి కనబడితే విడదీసి చెప్పమనండి.

ఒడ్డున ఆధారాలు సేకరించేటప్పుడు

ముందు మీ ఆరోగ్యం. తాజా చమురు వాసన తల తిప్పేలా ఉంటే గాలికి ఎదురుగా దూరం జరగండి. ఉట్టి చేతులతో ముట్టుకోవద్దు. గర్భిణులను, పిల్లలను అటు పంపొద్దు.

ఫొటో ముందు దూరం నుంచి తీయండి, లైట్‌హౌసో గుడి గోపురమో ఫ్రేములో పడేలా. తర్వాత దగ్గర నుంచి, పక్కన స్కేలో రూపాయి బిళ్లో పెట్టి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసుకోండి. మామూలుగా వాట్సాప్‌లో ఫొటో పంపితే అందులోని లొకేషన్, సమయం వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, ఒరిజినల్ ఫోన్‌లోంచి తీసేయకండి. కేసు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఫోన్ ఎవరిదో, ఎవరు తీశారో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

నమూనాకు ప్లాస్టిక్ సీసా వాడొద్దు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన గాజు సీసా తీసుకుని మూత కింద అల్యూమినియం ఫాయిల్ వేయండి. చేతికి గ్లౌజులు, పైన చీటీ, చీటీ మీద చోటు, తేదీ, సమయం, ఇద్దరు సాక్షుల సంతకాలు. చీకట్లో, ఐసు మీద ఉంచండి. ఒకే చోట మూడు సీసాలు నింపండి. ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి, రసీదు తీసుకుని మరీ. ఒకటి మీరు పంపే ల్యాబ్‌కు. ఒకటి సీలు వేసి ఊళ్లోనే. చమురు తగలని దూరపు ఒడ్డు నుంచి ఒక నమూనా కూడా కావాలి, లేకపోతే అక్కడ ఎప్పుడూ అంతేనని తీసిపారేస్తారు. ప్రతి చమురుకూ రసాయనాల కలయిక వేరుగా ఉంటుంది, వేలిముద్రలా దాన్ని పోల్చి ఏ ఓడదో ఏ బావిదో చెప్పగల ల్యాబులున్నాయి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తారు ఉండల మీద ఇలాంటి పని చేసింది.

ఒడ్డుకు వెళ్లొద్దని ఎవరైనా ఆపితే గొడవ పడకండి. ఎవరి ఆదేశం, ఏ చట్టం కింద, ఎన్నాళ్లు అని రాతపూర్వకంగా అడగండి. 2010లో అమెరికా కోస్ట్‌గార్డ్ చమురును ఆపే బూమ్‌లకు 65 అడుగుల లోపు ఎవరూ రాకూడదని నిబంధన పెట్టింది. ఫొటోగ్రాఫర్లు, విలేకరులు గట్టిగా అడిగేసరికి రెండు వారాల లోపే విలేకరుల విషయంలో సడలించింది.

“చేపలు సురక్షితం” అన్నప్పుడు

ఎవరికి సురక్షితం? ఈ ఒక్క ప్రశ్న వదలకండి. గల్ఫ్‌లో ఒక దశలో అమెరికా కేంద్ర ప్రభుత్వ పరిధిలోని జలాల్లో 37 శాతం మేర వేట ఆపేశారు. మళ్లీ తెరిచేముందు శిక్షణ పొందిన మనుషులు చేపను వాసన చూశారు, తర్వాత ల్యాబ్ పరీక్ష చేశారు. వాసన పరీక్ష సంగతి విని జనం మండిపడ్డారు కానీ అది పనికిమాలిందేమీ కాదు, మొదటి వడపోతగా పనికొస్తుంది. అసలు లోపం ల్యాబ్ ఫలితాన్ని దేనితో పోల్చారన్న దాంట్లో ఉంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ హానికర స్థాయిని లెక్కవేసినప్పుడు తినే మనిషి బరువు 80 కిలోలు అనుకుంది. 15 కిలోల పిల్లవాడు, గర్భిణి, రోజూ రొయ్యలే కూరగా తినే మత్స్యకార కుటుంబం ఆ లెక్కలో సరిగా పట్టరు. 2012లో శాస్త్రవేత్తలు ఒక పత్రిక వ్యాసంలో ఇదే ఎత్తిచూపారు.

మీరు అడగాల్సినవి: ఏ చేప, రొయ్యా ఆల్చిప్పా పీతా? ఆల్చిప్పలు కదలవు, వాటిలో కాలుష్యం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎక్కడ పట్టింది, మార్కెట్లోదా తెట్టు దగ్గరిదా? ఎన్ని నమూనాలు? ఎంత బరువున్న మనిషి, వారానికి ఎంత తింటాడని లెక్కేశారు? వీటికి కాగితం మీద జవాబులొస్తే ఆ ప్రకటన నమ్మదగినదని మీరే ఊళ్లో చెప్పండి. ఇది కూడా మీ పనే. 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ మునిగినప్పుడు కేరళలో చేప కొనడానికి జనం జంకారు, దెబ్బ తిన్నది వేట మీద బతికేవాళ్లే.

వదంతులకూ ఇదే జల్లెడ. 2010 వేసవిలో సముద్రం అడుగున మీథేన్ పేలి సునామీ వస్తుందని ప్రచారం జరిగింది, ఏమీ రాలేదు. ఉపగ్రహ రాడార్ చిత్రంలో నల్ల మచ్చ కనబడగానే చమురని ఫార్వర్డ్ చేయకండి. గాలి లేని చోట నీరు, నాచు కూడా అలాగే నల్లగా కనిపిస్తాయి.

మన తీరంలో ఎవరిని అడగాలి

సముద్రంలో చమురు ఒలికితే మన దేశంలో సమన్వయ బాధ్యత ఇండియన్ కోస్ట్‌గార్డ్‌ది. తెట్టు ఎటు కదులుతుందో చెప్పేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ. వాళ్ల అంచనాను ప్రకటనతో కలిపి చదవండి. దిశ గాలి, ప్రవాహాల నుంచి వస్తుంది కాబట్టి నమ్మకంగా వాడుకోవచ్చు. పరిమాణం మాత్రం వాళ్లకు ఇచ్చిన అంకె మీద ఆధారపడుతుంది. ఎంత ఒలికిందని లెక్కలోకి తీసుకున్నారో చూడండి. ఫిబ్రవరి నుంచి తూర్పు తీరం ప్రవాహం ఉత్తరానికి మళ్లుతుంది, అప్పుడు ఎన్నూరులో ఒలికింది పులికాట్, నెల్లూరు వైపు రావచ్చు. చెన్నై వార్త కదా అని తడ, వాకాడు వాళ్లు ఊరుకోకూడదు.

సమాచార హక్కు దరఖాస్తు వారం లోపే వేయండి. కేంద్ర కార్యాలయాలకు ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిందైతే 48 గంటలు. “ఎంత ఒలికింది” అని అడిగితే పాత ప్రెస్ నోట్ పంపిస్తారు. పత్రం పేరు పెట్టి అడగండి: ప్రమాదం రోజు ఓడ లాగ్ బుక్ నకలు, ట్యాంకుల్లో ప్రమాదానికి ముందూ తర్వాతా చమురు కొలతలు, నమూనాల ల్యాబ్ రిపోర్టులు, మడ్డి తరలించిన లారీల తూకం చీటీలు. ట్యాంకు కొలతల్లో తేడాయే ఒలికిన లెక్కకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది.

నష్టం లెక్క పక్కన పెట్టొద్దు. వేటకు వెళ్లని రోజులు, వేలం చీటీలు, డీజిల్ బిల్లులు, పాడైన వలల ఫొటోలు బోటువారీగా రాయండి. గల్ఫ్‌లో రొక్కం మీద వ్యాపారం చేసిన చిన్న జాలర్లు కాగితాలు లేక పరిహారం కోసం నానా తిప్పలు పడ్డారు. అంతకుముందు రెండు మూడేళ్ల వేలం చీటీలు కూడా వ్యాపారి దగ్గర నుంచి తెచ్చుకోండి, పోల్చడానికి అవే ఆధారం. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. పర్యావరణ వివాదమైతే ఆరు నెలల్లో, పరిహారం కోసమైతే ఐదేళ్లలో దరఖాస్తు చేయాలి. ఎవరికి వారు కాకుండా మత్స్యకార సంఘం తరఫున వేయొచ్చు, ప్రతి బోటు లెక్క మాత్రం విడిగా జత చేయండి.